మామగారి మంద, మావారి పోతుగుర్రం, మధ్యలో నేను

ఈ వారం ఉత్తరం స్పెయిన్ నుంచి వచ్చింది. రాసినావిడ సొంతూరు ప్రకాశం జిల్లాలో, ఇప్పుడుండేది సెవిల్ దగ్గర ఒక పల్లెలో. పేరు రాయొద్దన్నారు. ఐదు పేజీల ఉత్తరం, సగానికి పైగా గుర్రాల గురించే, కుదించి చెబుతాను.

ఆవిడకి ముప్పై ఆరేళ్ళు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఎక్కువ రోజులు ఇంటి నుంచే పని. భర్త అక్కడివాడే, స్కూల్లో టీచరు. మామగారు ముప్పై ఏళ్ళు 'పురా రాసా ఎస్పాన్యోలా' గుర్రాలు పెంచారు, అంటే అచ్చమైన స్పానిష్ జాతి, అందరూ పొట్టిగా పి.ఆర్.ఇ. అంటారు. పోయినేడాది ఆయన పోయారు. మిగిలినవి ఏడు ఆడ గుర్రాలు, నాలుగేళ్ళ బూడిద రంగు పోతుగుర్రం ఒకటి. ఆ పోతుని పుట్టించింది మామగారే, చివరి రోజుల్లో మంచం కిటికీ పక్కకి జరిపించుకుని మరీ చూసుకునేవారట. ఇప్పుడు భర్త పట్టుదల ఏమిటంటే ఏడు గుర్రాల్నీ దానికే దాటించి, పిల్లల్ని, గుర్రం చేత లెక్కగా అడుగులు వేయించే పోటీ సవారీ ఉందే, ఆ డ్రెస్సాజ్‌కి తయారు చేసి అమ్మి, నాన్న పేరు నిలబెట్టాలని. దానికి కావలసిన డబ్బు ఈవిడ దాచుకున్న నలభై వేల యూరోలు. ఒంగోల్లో అమ్మానాన్నలకి ఇల్లు కొందామని దాచినవి.

ఇంతలో ఒక జర్మన్ ట్రైనర్ వచ్చి పోతుని చూసి ఇరవై ఎనిమిది వేలు ఇస్తానంది. ఎక్స్‌-రేలు బాగుండాలి, విత్తులు తీయించి ఇవ్వాలి అని రెండు షరతులు పెట్టింది. ఈవిడ "ఆలోచిద్దాం" అన్నందుకు భర్త "నాన్న గుర్రానికి కత్తి పెట్టమంటావా" అని మూడు రోజులు మాట్లాడలేదు. అత్తగారు ఏమీ అనరు, రోజూ సాయంత్రం క్యారెట్లు పట్టుకెళ్ళి ఆ పోతు దగ్గర నిలబడి వస్తారు. బార్సిలోనాలో ఉండే మరిది తన వాటా సంగతి ఫోన్లో అడుగుతున్నాడు. చలికాలంలో ఆ పోతు పనివాడి చెయ్యి కొరికింది, ఎనిమిది కుట్లు పడ్డాయి. ట్రాట్‌లో, అంటే జోరు నడకలో, దాని ఎడమ ముంగాలు బయటికి తిరుగుతుందని ఒకరంటే, అదే దాని అందమని ఇంకొకరన్నారు. చివర్లో ఇలా రాశారు: "మా తాతయ్య ఒంగోలు గిత్తల్ని మేపిన మనిషి డాక్టరు గారూ, నాకు పశువంటే తెలియక కాదు. కానీ ఇక్కడ నోరు తెరిస్తే బయటిదాన్ని అయిపోతున్నాను. విత్తులు తీయించమనడం తప్పా? డబ్బు పెట్టాలా వద్దా?"

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్ను పట్టుకుని గుర్రాల లెక్క వేసుకుంటూ చదివాను, ఎందుకంటే మొదటిసారే ఒకచోట అనుమానం తగిలింది. ముందు ఆ లెక్క చూద్దాం, కత్తి సంగతి తర్వాత.

ఏడు ఆడ గుర్రాలన్నారు. అందులో అన్నిటికన్నా మంచిదని మీరు రాసిన ముసలి తెల్లది ఈ పోతుకి తల్లి. ఇంకో రెండు ఆ తల్లి పిల్లలే, అంటే దీనికి అక్కచెల్లెళ్ళు. ఒకదానికి ఇరవై ఒకటో ఏడు నడుస్తోంది, నాలుగేళ్ళుగా చూలు కట్టలేదని మీరే రాశారు. ఇంక ఎన్ని మిగిలాయి? మూడు! మీవారు కలగంటున్న ఏడు పిల్లలు మూడు గుర్రాల్లోంచి రావాలి, అవి మూడూ ఎదకొచ్చి, మూడూ కట్టి, మూడూ క్షేమంగా ఈనితే. తల్లినీ అక్కచెల్లెళ్ళనీ దానికే దాటిస్తానంటే ఆపేవాళ్ళు ఉండకపోవచ్చు గానీ, ఆ జాతి వంశావళి పుస్తకం 1912 నుంచీ నడుస్తోంది, బయటి రక్తాన్ని రానివ్వదు, అసలే దగ్గర చుట్టరికాల జాతి అది. మేనరికాల సంగతి మనకి ఒకరు చెప్పాలా?

అంటే మీ మందకి ఆ పోతుతో ఉన్న పని చాలా చిన్నది. ఆ మూడింటికైనా బయటి పోతు వీర్యం తెప్పించి ఇంజెక్షన్ చేయించుకోవచ్చు, స్పెయిన్‌లో అది రోజూ జరిగేదే. చల్లబరిచినది పంపిస్తారు, గడ్డకట్టించినదీ దొరుకుతుంది. దాంట్లో లాభం ఏమిటంటే మీ ఆడ గుర్రంలో ఏ లోపం ఉందో దాన్ని సరిదిద్దే పోతుని ఏరుకోవచ్చు. ఈ జాతికి పుట్టుకతో వచ్చిన విద్య ఒకటుంది, ఒళ్ళంతా కూడదీసుకుని వెనక కాళ్ళ మీద బరువు మోయడం. అందుకే ఉన్నచోటే అడుగులేసే పియాఫ్, తేలుతున్నట్టు నడిచే పసాజ్ లాంటివి వీటికి తేలిగ్గా పట్టుబడతాయి. కష్టమల్లా సాగదీసి పరిగెత్తే ట్రాట్‌లో, మోకాలు పైకి లేచినంత ముందుకి అడుగు పడదు. సెవిల్‌లోని పెంపకందార్ల సంఘం, మీకు తెలిసే ఉంటుంది, ఆన్సే అంటారు, 2007 నుంచీ ఆ వంశావళి పుస్తకం వాళ్ళ చేతిలోనే ఉంది. వాళ్ళు డ్రెస్సాజ్ కోసం పోతుల గుణాల్ని లెక్కగట్టి ప్రకటిస్తారు. ఇంట్లో ఉంది కదా అని వాడుకోవడానికీ, ఆ లెక్కలు ముందేసుకుని వెతికి తెచ్చుకోవడానికీ చాలా తేడా ఉంది.

ఇప్పుడు పోతు దగ్గరికి వస్తాను. మంచి గుర్రం వేరు, విత్తనానికి ఉంచుకోదగ్గ గుర్రం వేరు. ఇది మీ తాతగారికి తెలిసిన విషయమే. ఊళ్ళో పుట్టిన కోడెల్లో ఏ ఒక్కదాన్నో విత్తనానికి వదిలేవారు, మిగతావాటికి విత్తులు కొట్టించి కాడి కట్టేవారు, అలాగని దుక్కిటెద్దుని చిన్నచూపు చూసిన రైతు నాకు కనబడలేదు. స్పెయిన్‌లో పద్ధతి వేరు. మగపిల్లల్ని చాలావరకు అలాగే ఉంచి, అలాగే సవారీ చేస్తారు. మీవారు ఆ గాలిలో పెరిగారు, కత్తి అనగానే ఉలిక్కిపడటంలో ఆశ్చర్యం లేదు. దాన్ని మొండితనం అనకండి.

కాకపోతే ఆయనకి ఒక సంగతి గుర్తు చేయొచ్చు. 2012లో లండన్, 2016లో రియో ఒలింపిక్స్‌లో డ్రెస్సాజ్ వ్యక్తిగత స్వర్ణం గెలిచిన వలెగ్రో విత్తులు తీసిన గుర్రం. టోక్యోలో, పారిస్‌లో గెలిచిన డలేరా ఆడ గుర్రం. ఈ నాలుగు ఒలింపిక్స్‌లో ఆ వ్యక్తిగత స్వర్ణం పోతు గెలిచింది లేదు. ఇది విన్నాక ఆయన కచ్చితంగా 2004 ఏథెన్స్ సంగతి ఎత్తుతారు. అప్పుడు టీమ్ రజతం గెలిచిన స్పెయిన్ జట్టులో రఫాయెల్ సోతో ఎక్కిన ఇన్వాసోర్ పి.ఆర్.ఇ. పోతే. తర్వాత 2010లో కెంటకీలో జరిగిన ప్రపంచ అశ్వక్రీడల్లో ఫ్వేగో దె కార్దెనాస్ మీద హువాన్ మాన్యువెల్ మున్యోస్ ఒంటి చేత్తో పగ్గాలు పట్టుకుని చేసిన ప్రదర్శనకి జనం ఊగిపోయారు, అదీ పోతే. ఆయన మాటా నిజమే, ఒప్పుకోండి. పోతుగా ఉంటే పైకి రాదని ఎవరూ అనడం లేదు. పోతుగా ఉంచితే దానికి తగ్గ మనిషి, తగ్గ చోటు, తగ్గ ఖర్చు కావాలి, అవి మీ ఇంట్లో ఉన్నాయా అన్నదే ప్రశ్న.

ఆ కాలి సంగతి ముందు తేల్చుకోండి, ఖర్చు లేని పని. గట్టి నేల మీద, సిమెంటు దారైనా సరే, ఒకరు తాడు పట్టుకుని దాన్ని ట్రాట్‌లో మీకు ఎదురుగా తీసుకురావాలి. మీరు గొంతుక్కూర్చుని ఫోన్‌ని దాని మోకాలి ఎత్తులో పట్టుకుని వీడియో తీయండి. తర్వాత నెమ్మదిగా తిప్పి చూడండి. మోకాలి కింది భాగం గరిటె తిప్పినట్టు బయటికి సున్నా చుట్టి వస్తోందా? గిట్ట నేలకి తగిలేటప్పుడు ఏ అంచు ముందు ఆనుతోంది? లాడాలు కొట్టేవాడు ఈసారి వచ్చినప్పుడు ఎడమ కాలి పాత లాడం పారేయకుండా అడిగి తీసుకోండి, ఒక పక్కే అరిగి ఉంటే మీకు జవాబు దొరికినట్టే. అక్కడ దీన్ని 'కంపానెయో' అంటారు, గంట ఊగినట్టు అని. ఫెరియాలో, అంటే అక్కడి జాతరలో, ఊరేగింపులో చూసేవాడికి అది ముచ్చటే, అందమన్నవాళ్ళు అబద్ధం చెప్పలేదు. డ్రెస్సాజ్‌లో జడ్జి కూర్చునేది సరిగ్గా ఎదురుగా. పైగా కాలి పొందిక పిల్లలకి దిగుతుంది. కొంచెం తిరిగితే సవారీకి అడ్డం కాదు, మూడు గుర్రాల కడుపులో వెయ్యడానికి మాత్రం ఒకటికి పదిసార్లు ఆలోచించాలి.

పోతుకి 'ఆప్తో' వచ్చింది కదా అని మీవారు అంటున్నారని రాశారు. వచ్చింది, సంతోషం. కానీ అది కనీస అర్హత మాత్రమే, డి.ఎన్.ఏ. కలిసింది, పెద్ద లోపాలు లేవు, పిల్లల్ని కనొచ్చు అని. దానిపైన 'కలిఫికాదో' అని ఇంకో మెట్టు ఉంది, దానికి ఎక్స్‌-రేలు, సంతానోత్పత్తి శక్తి పరీక్ష, సవారీ పరీక్ష అన్నీ పెడతారు. ఆ మెట్టు ఎక్కకుండా పక్క ఊరివాళ్ళు తమ ఆడ గుర్రాల్ని మీ పోతు దగ్గరికి తోలుకొస్తారని, దాంతో ఖర్చులు వెళ్ళిపోతాయని ఆశపడితే మాత్రం కష్టం. పేరున్న పోతుల వీర్యం డబ్బాలో ఇంటికొచ్చే రోజులివి.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

పోతుగానే ఉంచి డ్రెస్సాజ్‌కి తర్ఫీదు ఇప్పించడం ఒకటి. ట్రైనర్‌కి నెలకి ఆరువందల యాభై అన్నారు, ఏడాదికి ఏడువేల ఎనిమిది వందలు, మేత, లాడాలు, డాక్టరు కాకుండానే. ఇప్పుడు నాలుగేళ్ళు, డ్రెస్సాజ్‌లో అన్నిటికన్నా పైదైన గ్రాండ్ ప్రీ స్థాయికి చేరే గుర్రానికి సాధారణంగా పదేళ్ళ వయసు రావాలి, అదీ చేరితే. ఈలోగా దాన్ని ఒంటరిగా కొట్టంలో మూసి ఉంచితే ఆ కొరకడం పెరుగుతుందే తప్ప తగ్గదు. నిజానికి మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ ఎనిమిది కుట్లు. రోజంతా బయట తిరగనివ్వని, ఇంకో గుర్రాన్ని తాకనివ్వని పోతు కొరక్కపోతేనే ఆశ్చర్యం. స్విట్జర్లాండ్‌లో అవాంష్ అనే చోట ప్రభుత్వ అశ్వశాలలో పోతుల్ని గుంపుగా పచ్చికలో వదిలి చూశారు, జాగ్రత్తగా కలిపితే సర్దుకున్నాయి. మీరు అంత చేయలేకపోయినా పక్క దొడ్లో ముసలి గుర్రాన్ని తోడుగా కట్టడం, రోజూ తిరగడానికి వదలడం రేపటి నుంచే చేయొచ్చు, మిగతా నిర్ణయం ఏదైనా సరే.

రెండోది, ముందు వీర్యం తీయించి గడ్డకట్టించి దాచుకుని, ఆ తర్వాత విత్తులు తీయించడం. ఈ దారి మీ ఉత్తరంలో ఎక్కడా లేదు, మీ ఇద్దరిలో ఎవరికీ తట్టినట్టు లేదు. మీవారు భయపడుతున్నది వంశం ఆగిపోతుందని, దీంతో ఆగదు. పదేళ్ళ తర్వాత ఆ గుర్రం నిజంగా గొప్పదని తేలితే విత్తనం ట్యాంకులో ఉంటుంది, లేదంటే ఎవరికీ నష్టం లేదు. చిక్కులు లేకపోలేదు. అన్ని పోతుల వీర్యమూ గడ్డకట్టించడానికి తట్టుకోదు, ముందు ఒకసారి తీసి పరీక్షించాలి. అనుమతి ఉన్న కేంద్రంలోనే తీయాలి, రకరకాల అంటురోగాల పరీక్షలు చేస్తారు. అందులో వైరల్ ఆర్టిరైటిస్ అని ఒకటుంది, పైకి ఆరోగ్యంగానే కనిపించే పోతు వీర్యంలో ఏళ్ళ తరబడి ఆ వైరస్ ఉండొచ్చు. అది బయటపడితే కథ మారిపోతుంది. దాచిన దానికి ఏటా అద్దె కట్టాలి. ఇంకోటి, నాలుగేళ్ళు పోతుగా బతికిన గుర్రానికి విత్తులు తీసినా పాత అలవాట్లు కొన్ని మిగులుతాయి, మర్నాటికి మేకపిల్ల అయిపోదు. నేను కుర్ర డాక్టరుగా ఉన్నప్పుడు ఒకాయన ఆపరేషన్ అయిన వారానికే "ఇంకా సకిలిస్తోందేంటండీ" అని నన్ను నిలదీశాడు, నెలలు పడుతుందని ముందే చెప్పకపోవడం నా తప్పే.

మూడోది అమ్మడం. జర్మన్ ఆవిడ విత్తులు తీయించమనడం అవమానం కాదు, అక్కడ మామూలుగా సవారీ నేర్చుకునేవాళ్ళు, అద్దె శాలల్లో పెట్టుకునేవాళ్ళు పోతుని కొనరు. ఆ బేరం పోతే స్పెయిన్‌లోనే పోతుగా అమ్మొచ్చు, ధర తగ్గే అవకాశం ఎక్కువ, పోతులకి అక్కడ కరువు లేదు కదా. అమెరికా బేరం వస్తే మాత్రం ముందు పైరోప్లాస్మోసిస్ రక్తపరీక్ష చేయించండి, పిడుదుల వల్ల వచ్చే ఆ జబ్బు దక్షిణ స్పెయిన్‌లో మామూలే, ఒకసారి తగిలిన గుర్రం ఆ పరీక్షలో తప్పితే అమెరికాలో అడుగుపెట్టనివ్వరు.

అమ్మితే మామగారి పేరు పోతుందా? ఇక్కడ మీవారికి చెప్పాల్సిన మాట ఒకటుంది, ఆయనకి తెలిసే ఉంటుంది, దుఃఖంలో మరిచిపోయినట్టున్నారు. పుస్తకంలో పెంపకందారుగా పేరు పడేది ఆడ గుర్రం ఎవరిదో వాళ్ళకి. పిల్ల తొడ మీద పడేది వాళ్ళ ముద్రే. బయటి పోతుకి పుట్టినా సరే, మీ దొడ్లో మీ గుర్రం ఈనితే దాని మీద మామగారి ముద్రే పడుతుంది. ఆయన పేరు మోసేవి ఆడ గుర్రాలమ్మా, ఆ పోతు కాదు. ఇరవై ఎనిమిది వేలూ చేతికొస్తే మందకి రెండు మూడేళ్ళ మేత, ఒకటో రెండో మంచి చూడి గుర్రాలు. తల్లి గుర్రం ఇంకా ఈనగలిగితే దానికో మంచి పోతుని వెతకండి, దాని కడుపున ఒక ఆడపిల్ల పుడితే ఆయన ముప్పై ఏళ్ళ కష్టం దాంట్లో ఉంటుంది.

ఇక డబ్బు. వచ్చే వసంతంలో దాటిస్తే పదకొండు నెలలకి పిల్ల. మూడు, మూడున్నరేళ్ళు వచ్చేదాకా జీను వేయరు. కాస్త తర్ఫీదయ్యాక నాలుగేళ్ళ గుర్రంగా అమ్ముదామన్నా, మీరు ఈ రోజు పెట్టిన యూరో తిరిగి రావడానికి ఐదేళ్ళ పైనే. ఈ ఐదేళ్ళలో ఒక వాన లేని ఏడాది వస్తే ఎండుగడ్డి ధర ఏమవుతుందో మీరు అక్కడే ఉండి చూశారు. 2008 తర్వాత స్పెయిన్‌లో ఏం జరిగిందో మీ అత్తగారిని అడగండి. అంతకుముందు కొత్త డబ్బుతో ప్రతివాడూ గుర్రాలు పెంచాడు, కట్టడాలు ఆగిపోగానే కొనేవాడు లేక మంచి మంచి గుర్రాలు కబేళాకి వెళ్ళాయి. మామగారు ఆ ఏళ్ళు ఎలా దాటారో ఆవిడకి తెలుసు. బహుశా అమ్మి, మంద తగ్గించి దాటి ఉంటారు, చాలామంది అలాగే దాటారు.

చట్టం సంగతి లాయర్‌ని అడక్కుండా ఒక్క యూరో కదపకండి. అక్కడ మీరు వేరే ఒప్పందం రాసుకోకపోతే మామూలుగా పెళ్ళయ్యాక సంపాదించింది ఇద్దరిదీ, తండ్రి నుంచి వచ్చిన ఆస్తి ఆయన ఒక్కడిదీ. అంటే ఇద్దరి డబ్బు ఆయన ఒక్కడి గుర్రాల్లోకి వెళ్తుంది. వెళ్ళకూడదని కాదు, కాగితం మీద ఉండాలి. ఇంకో మెలిక, గుర్రాల యాజమాన్య కార్డులు ఇంకా మామగారి పేరు మీదే ఉన్నాయని రాశారు. ఆయన కొడుకులిద్దరికీ హక్కుంది, అత్తగారికీ ఉంది. మరిది ఒప్పుకోకుండా మీవారు అమ్మలేరు, మీరు సరేనన్నా వద్దన్నా తేలదు. ముందు ఆ వారసత్వం తెగాలి. అసలు పోతు ఎవరిదో తేలకుండానే దాని విత్తుల గురించి మీ ఇద్దరూ మాటలు మానేశారు, నవ్వొస్తోంది నాకు, ఏమనుకోకండి.

ఇల్లు కొనాలనుకున్న డబ్బులోంచి ఎంత ఇవ్వగలరో మీరే ఒక అంకె అనుకోండి, పోయినా ఏడవనంత. ఆ అంకె సున్నా అయినా తప్పు లేదు. అది భర్తతో గుర్రాల దగ్గర కాకుండా ఇంట్లో కూర్చుని చెప్పండి, "నీ నాన్న కల వద్దు" అని వినబడకుండా. "ఏడు కాదు, మూడు" అనే లెక్క మాత్రం దొడ్లోనే చెప్పండి, ఒక్కొక్క గుర్రాన్నీ చూపిస్తూ. ఆయన టీచరు, లెక్క కళ్ళ ముందుంటే కాదనరు.

మీరు బయటివారా అని అడిగారు. ఆ ఇంట్లో ఆ పోతు దగ్గరికి రోజూ వెళ్ళేది అత్తగారు ఒక్కరే, ఆవిణ్ణి ఎవరూ ఏమీ అడిగినట్టు లేదు మీ ఉత్తరంలో. ఒక సాయంత్రం క్యారెట్ల గిన్నె మీరు పట్టుకుని ఆవిడతో నడవండి. దాన్ని ఏం చేద్దామని మామగారు అనుకున్నారో అడగండి. ఆయన దగ్గర ఏ గుర్రం ఎప్పుడు ఈనిందో రాసుకున్న నోటు పుస్తకం ఉండే ఉంటుంది, అదీ అడగండి, నేను వేసిన లెక్క తప్పో ఒప్పో అందులో తేలిపోతుంది.

జర్మన్ ఆవిడకి మాత్రం ఈ వారమే రాయండి, వారసత్వం కాగితాలు అయ్యేదాకా ఆగగలరా అని. ఎక్స్‌-రేలు ఎవరి ఖర్చో కూడా అందులోనే తేల్చుకోండి. ఆవిడ పెట్టుకుంటానంటే మంచిదే, ఒక ప్రతి మీకివ్వాలని షరతు పెట్టండి. గుర్రాన్ని అమ్మినా, ఉంచుకున్నా ఆ ఫొటోలు మీకు కావాలి.